టెక్ సందేహాలు: గిటార్ పెడల్ జోరీగలా మోగుతుంటే

ప్రశ్న: బాస్ కంపెనీ డీఎస్-1 డిస్టార్షన్ పెడల్ (గిటార్ ధ్వనిని గరుకుగా మార్చే, కాలితో తొక్కే పెట్టె) కొన్నాను. గిటార్ యాంప్ లేనందువల్ల, మా మెలోడీ బృందం కీబోర్డుకూ మైకులకూ వాడే పవర్డ్ స్పీకర్‌కే మిక్సర్ ద్వారా కలుపుతున్నాను. నిండైన ధ్వని వస్తుందనుకుంటే, చెవిలో జోరీగ దూరినట్టు సన్నగా, గీరుకుంటూ వస్తోంది. ఇంతకంటే ఖరీదైన పెడల్ కొనాలా?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: కొనవద్దు. డీఎస్-1 1978 నుంచి వాడుకలో ఉన్న పెడల్. మీరు వర్ణించిన శబ్దానికి కారణం పెడల్ కాదు, దాని తరువాత ఉన్న స్పీకర్.

గిటార్ నుంచి వచ్చే చిన్న సంకేతాన్ని ఈ పెడల్ మొదట బాగా పెంచుతుంది. తరువాత రెండు సిలికాన్ డయోడ్లు, సుమారు 0.6 వోల్టులు దాటిన భాగాన్ని పైనా కిందా కత్తిరించేస్తాయి. గుండ్రంగా ఉండాల్సిన అల శిఖరం బల్లపరుపుగా మారుతుంది. అలా కత్తిరించిన అంచుల్లోంచి అసలు స్వరానికి ఎన్నో రెట్లు పైనుండే అనుస్వరాలు పుడతాయి. అందుకే గిటార్‌లోని అతి మందమైన తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగినా, పెడల్ దాటేసరికి దాని ధ్వని వేల హెర్ట్జ్‌ల దాకా పాకుతుంది. గిటార్ యాంప్‌లో ఉండే 12 అంగుళాల స్పీకర్‌కు ట్వీటర్, అంటే హెచ్చు స్థాయి ధ్వనులు పలికించే చిన్న స్పీకర్, ఉండదు. అది సుమారు 5,000 హెర్ట్జ్ దాటిన ధ్వనిని చాలావరకు మింగేస్తుంది. అంటే పెడల్ పుట్టించే గరుకుదనాన్ని స్పీకరే జల్లెడ పడుతుంది. మీ పవర్డ్ స్పీకర్ మాత్రం గాయకుడి ప్రతి సకారమూ స్పష్టంగా వినిపించడానికి తయారైంది కనుక, ఆ గరుకుదనాన్ని ఏమీ వదలకుండా మీ చెవిలో పోస్తుంది.

మిక్సర్ మీద ట్రెబుల్ తగ్గిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. చిన్న మిక్సర్లలో ఆ నాబ్ ఎక్కువగా 10,000 లేదా 12,000 హెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. మనల్ని బాధించే గీరుడు అంతకంటే కింద, 5,000 నుంచి 8,000 మధ్య ఉంటుంది కనుక పూర్తిగా పోదు. సరైన పరిష్కారం క్యాబినెట్ సిమ్యులేషన్, అంటే గిటార్ స్పీకర్ పెట్టె పట్టే జల్లెడను అనుకరించే సౌకర్యం. చిన్న మల్టీ ఎఫెక్ట్స్ పరికరం ఒకటి పెడల్ తరువాత కలిపి, అందులో మిగిలినవన్నీ ఆపి, క్యాబినెట్ ఒక్కటే ఆన్ చేసి చూడండి. పెడల్ మార్చితే రాని తేడా అక్కడ వస్తుంది.

ఇక నాబ్‌ల సంగతి. గరుకుదనం మోతాదును మార్చే డిస్ట్ నాబ్ గడియారంలో నాలుగు గంటల చోట ఉంటే, దాన్ని పది గంటల చోటికి తీసుకురండి. టోన్ పన్నెండుకు కాస్త ఎడమగా ఉంచండి. పెడల్ తొక్కినా తొక్కకపోయినా శబ్ద తీవ్రత దాదాపు సమానంగా ఉండేలా లెవెల్ సర్దండి. లేకపోతే ఎక్కువ శబ్దాన్నే మంచి ధ్వని అని చెవి పొరబడుతుంది. డీఎస్-1 టోన్ సర్క్యూట్ నడిమి స్థానంలో సుమారు 500 హెర్ట్జ్ చుట్టూ ఉన్న మధ్య స్థాయిని తగ్గిస్తుంది కనుక, మిక్సర్‌లో మిడ్ నాబ్‌ను కొంచెం పెంచండి. ఇది చిన్న విషయం కాదు. బరంపురంలో ఠాకురాణి యాత్ర రోజుల్లో ఒక వేదిక పక్కన నిలబడి విన్నప్పుడు, ఒక కుర్రవాడి గిటార్ ఒంటరిగా మోగినంతసేపు గంభీరంగా ఉండి, డ్రమ్సూ కీబోర్డూ అందుకోగానే పూర్తిగా మాయమైపోయింది. విరామంలో అడిగి చూస్తే డిస్ట్ చివరిదాకా తిప్పి ఉంది, మిడ్ పూర్తిగా తగ్గించి ఉంది. మొదటిది తగ్గించి, రెండోది పెంచాడు. తరువాతి పాటలో అతని వేళ్లు ఏ తీగ మీద ఉన్నాయో వెనుక వరుసవారికి కూడా వినిపించింది. అతను తన నాబ్‌లన్నీ ఇంట్లో, రాత్రిపూట, తక్కువ శబ్దంలో సర్దుకున్నాడట. శబ్దం తక్కువగా ఉన్నప్పుడు మన చెవికి బేసూ ట్రెబులూ సరిగా ఆనవని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే కొలిచి చూపారు. అందుకని ఇంట్లో వాటిని పెంచేస్తాం, వేదిక మీద అవే ఎదురు తిరుగుతాయి. మీరు వాయించే తీవ్రతలోనే, మిగిలినవారు వాయిస్తుండగానే నాబ్‌లు సర్దుకోవాలి.

మీరు పట్టే కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుంపు) కూడా ధ్వనిలో భాగమే. రెండు స్వరాలు కలిసి పెడల్‌లోకి వెళితే వాటి తేడాకు సమానమైన మూడో స్వరం పుడుతుంది. షడ్జమ పంచమాల నిష్పత్తి 2:3 కనుక, తేడాగా పుట్టేది షడ్జమానికి ఒక స్థాయి కింద ఉండే షడ్జమమే, అది ధ్వనికి బలాన్నిస్తుంది. గిటార్ ఫ్రెట్ల మీద పంచమం శుద్ధ పంచమానికి రెండు సెంట్ల (సెంటు అంటే పక్కపక్క ఫ్రెట్ల మధ్య దూరంలో నూరో వంతు) తేడాలోనే ఉంటుంది, కానీ అంతర గాంధారం దాదాపు 14 సెంట్లు ఎక్కువగా పలుకుతుంది. అందుకే ఆ గాంధారం ఉండే ఆరు తీగల పూర్తి మేజర్ కార్డ్ డిస్టార్షన్‌లో బురదలా కలిసిపోతుంది, స–ప మాత్రమే పట్టిన పవర్ కార్డ్ నిక్కచ్చిగా నిలబడుతుంది. పూర్తి కార్డులు తప్పనిసరైన పాటల్లో డిస్ట్ ఇంకా తగ్గించి, గిటార్ మీది వాల్యూమ్‌ను పదినుంచి ఏడుకు దించండి.

ప్రశ్న: పెడల్ ఆన్ చేయగానే గుయ్‌మంటూ రొద వస్తోంది. తీగలను చేత్తో తాకితే తగ్గుతోంది. మా ఇల్లు పాతది.
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: డిస్టార్షన్ పెడల్ సంగీతాన్ని ఎంత పెంచుతుందో రొదనూ అంతే పెంచుతుంది. మొదట అడాప్టర్ తీసేసి 9 వోల్టుల బ్యాటరీతో వాయించి చూడండి. రొద పోతే దోషం అడాప్టర్‌దే. ఒకే అడాప్టర్ నుంచి డిజిటల్ డిలే వంటి వాటికీ కరెంటు ఇస్తున్నా ఇలాగే అవుతుంది కనుక, వేటికవి వేరుగా ఇవ్వండి. కొత్తది కొనేటప్పుడు అది 9 వోల్టులదీ, సెంటర్ నెగటివ్‌దీ (ప్లగ్ నడిమి భాగం నెగటివ్) అయి ఉండాలని మరచిపోవద్దు.

బ్యాటరీతో కూడా రొద ఉంటే, గిటార్ పట్టుకుని కూర్చున్న చోటే నెమ్మదిగా పక్కకు తిరగండి. దిశను బట్టి రొద పెరుగుతూ తగ్గుతూ ఉంటే, మీ సింగిల్ కాయిల్ పికప్ (తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే, ఒకే తీగచుట్ట ఉన్న భాగం) గదిలోని ట్యూబ్‌లైట్ చోక్ నుంచో, ట్రాన్స్‌ఫార్మర్ల నుంచో 50 హెర్ట్జ్ తరంగాలను పట్టుకుంటోందన్నమాట. వాటికి దూరంగా జరగండి, లేదా రెండు తీగచుట్టలతో ఈ రొదను రద్దు చేసే హంబకర్ పికప్ వేయించండి.

తీగలను తాకితే కొంత తగ్గడం మామూలే. అయితే పాత ఇల్లు అన్నారు కనుక ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ పరీక్ష చేయించండి. ఉప్పూ బొగ్గూ వేసిన పాత ఎర్త్ గుంత ఎండాకాలంలో పొడిబారితే ఎర్త్ బలహీనపడుతుంది. రొద పోతుందని ఎవరైనా యాంప్ ప్లగ్‌లోని ఎర్త్ పిన్ను విరవమంటే దయచేసి వినకండి. యాంప్‌లో లోపం వచ్చిన రోజున ఆ కరెంటు మీ గిటార్ తీగల గుండా మీ చేతికే వస్తుంది.

ప్రశ్న: పెడల్‌ను నేరుగా ల్యాప్‌టాప్ మైక్ రంధ్రానికి కలపవచ్చా?
– ఒక పాఠకుడు, జయపురం

జవాబు: శబ్దం వస్తుంది కానీ బాగుండదు. సుమారు ఒక మెగా ఓమ్ ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్ ఉన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ తీసుకోండి. యాంప్ ధ్వనిని అనుకరించే న్యూరల్ యాంప్ మోడలర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. అందులో క్లీన్ యాంప్‌నూ క్యాబినెట్‌నూ ఎంచుకుని పెడల్‌ను ముందు పెట్టండి. ఏఎస్ఐఓ డ్రైవర్‌లో (ధ్వని ఆలస్యాన్ని తగ్గించే విండోస్ డ్రైవర్) సెకనుకు 48,000 నమూనాల వేగానికి బఫర్ (ఒక్కోసారి పోగుచేసే నమూనాల సంఖ్య) 128 పెడితే, ఆ బఫర్ వల్ల ఒక వైపుకు వచ్చే ఆలస్యం 2.7 మిల్లీసెకన్లే. చిటపటలు వినిపిస్తే 256కు పెంచండి.