బాబును మొదటి బేస్‌బాల్ ఆటకు తీసుకెళ్ళే ముందు

చి. సౌ. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. బాబుకు తొమ్మిదో ఏడు వచ్చిందని, బడి స్నేహితుల వల్ల వాడికి బేస్‌బాల్ మీద మనసు పడిందని, వచ్చే నెలలో కొలంబస్ నుంచి పిట్స్‌బర్గ్ వెళ్ళి అక్కడి జట్టు పైరేట్స్ ఆట చూపిస్తామని రాశావు. వాడికి ఏ చొక్కా, ఏ టోపీ కొనాలో చెప్పమన్నావు. టోపీ వాడికి నచ్చిందే కొను. నేను చెప్పదలచింది పెన్సిల్ గురించి. ఆటకు వెళ్ళేలోగా వాడికి స్కోరు రాయడం నేర్పు.

ఫోనులో అన్నీ కనిపిస్తుంటే రాయడం ఎందుకని అల్లుడుగారు అడుగుతారు. ఫోనులో కనిపించే లెక్క ఎవరో రాసింది. తన చేత్తో రాసుకున్న ఆట నలభై ఏళ్ళయినా వాడి దగ్గర ఉంటుంది. నాకు ఉంది కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మేము 1976లో పిట్స్‌బర్గ్ చేరేటప్పటికి నాకు ఎనిమిదేళ్ళు, మీ అమ్మకు పదకొండు. నాకు ఇంగ్లీషు సరిగ్గా రాదు. బడిలో టీచరుగారు నా పేరు పలకలేక రెండక్షరాలకు కుదించేశారు. అందరూ అలాగే పిలిచేవారు, నేనూ పలికేవాణ్ణి. పక్కింట్లో ఉక్కు మిల్లులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దాయన ఉండేవారు. సాయంత్రం అరుగు మీద రేడియో పెట్టుకుని, ఒళ్ళో పొడవాటి పుస్తకం ఉంచుకుని ఏదో రాస్తూ ఉండేవారు. నేను కంచె అవతల నుంచి చూసేవాణ్ణి. ఒకరోజు రమ్మని చెయ్యి ఊపి, పుస్తకం నా ఒళ్ళో పెట్టారు. ఆ అరుగు మీదే నాకు ఇంగ్లీషు వచ్చింది.

ఆయన మొదట నేర్పినవి అంకెలే. నువ్వూ అక్కడే మొదలుపెట్టు. మైదానంలో తొమ్మిది మందికీ తొమ్మిది అంకెలు: బంతి విసిరే పిచర్ 1, బ్యాటరు వెనక కూర్చుని పట్టే క్యాచర్ 2, పరుగెత్తేవాడు తాకాల్సిన చోట్లే బేస్‌లు, వాటిలో మొదటి బేస్ దగ్గరివాడు 3, రెండో బేస్ 4, మూడో బేస్ 5, ఆ రెంటి మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ 6. దూరంగా ఎడమవైపు, మధ్యలో, కుడివైపు నిలబడేవాళ్ళు 7, 8, 9. బంతి షార్ట్‌స్టాప్ అందుకుని రెండో బేస్‌కు, అక్కడి నుంచి మొదటి బేస్‌కు వెళ్ళి ఇద్దరు ఔటైతే 6-4-3 అని రాయాలి. బ్యాటు ఊపి మూడోసారీ తప్పితే ఇంగ్లీషు ‘కె’ అక్షరం. ఊపకుండా చూస్తూ నిలబడి ఔటైతే అదే అక్షరాన్ని అద్దంలో కనిపించినట్టు తిప్పి రాయాలి. ఒక్కో ఆటగాడి గడిలో చిన్న వజ్రం ఆకారం ఉంటుంది. అతను బేస్‌లన్నీ చుట్టి ‘ఇంటికి’, అంటే బ్యాటు పట్టి నిలబడ్డ చోటికే తిరిగి చేరితే ఆ వజ్రాన్ని పెన్సిల్‌తో నింపాలి. పిల్లలకు అన్నిటికన్నా ఇష్టమైన పని అదే.

ప్రతి బంతినీ రాయాలని పట్టుపట్టకు. 2023 నుంచి పిచర్‌కు గడియారం పెట్టారు. బేస్‌ల మీద ఎవరూ లేకపోతే పదిహేను సెకన్లలో బంతి విసరాలి. మా రోజుల్లో బంతికీ బంతికీ మధ్య పెద్దాయన ఒక కథ చెప్పేంత తీరిక ఉండేది. ఇప్పుడు చిన్న చేతులు వెనకబడతాయి. ఎవరు ఎలా ఔటయ్యారు, ఎవరు ఇంటికి చేరారు, అంతవరకు రాస్తే చాలు. ఏదైనా తప్పిపోతే గడి ఖాళీగా వదిలేయమను. వాడి పుస్తకం నువ్వు తీసుకుని దిద్దవద్దు.

వెళ్ళే ముందు ఇంట్లో రేడియో ప్రసారం విని రెండు మూడు ఆటలు రాయించు. బేస్‌బాల్ మొట్టమొదట రేడియోలో వినిపించింది పిట్స్‌బర్గ్ నుంచే. 1921 ఆగస్టు 5న కె.డి.కె.ఎ. కేంద్రం పైరేట్స్ ఆటను ప్రసారం చేసింది. మా నాన్న ఆదివారాలు మమ్మల్ని పెన్ హిల్స్‌లోని వేంకటేశ్వరస్వామి గుడికి తీసుకెళ్ళేవారు. దర్శనమయ్యాక కారులో కూర్చుని, ప్రసాదం పులిహోర తింటూ నేను రేడియో వినేవాణ్ణి. ఇప్పటికీ ఇంగువ, చింతపండు కలిసిన ఆ వాసన వస్తే నాకు ఏడో ఇన్నింగ్స్ గుర్తొస్తుంది.

స్టేడియానికి కారులో నేరుగా వెళ్ళకండి. నది ఇవతల కారు నిలిపి, రొబెర్టో క్లెమెంటే వంతెన మీదుగా నడవండి. లోపలికి వెళ్ళాక బాబుకు కుడివైపు గోడ చూపించు. దాని ఎత్తు ఇరవై ఒక్క అడుగులు. అది క్లెమెంటే చొక్కా మీది అంకె. ఆయన ప్యూర్టో రికో నుంచి వచ్చి 1955 నుంచి పైరేట్స్‌కు ఆడారు. పత్రికలవాళ్ళు, వ్యాఖ్యాతలు, చివరికి పిల్లలు కొనుక్కునే బొమ్మల కార్డులు కూడా ఆయన పేరును ‘బాబ్’ అని మార్చేస్తే, తన పేరు రొబెర్టో అని ఆయన చెబుతూనే ఉండేవారు. సరిగ్గా మూడు వేల హిట్లు కొట్టారు. 1972 డిసెంబరు 31న నికరాగువా భూకంప బాధితుల కోసం సామగ్రితో బయలుదేరిన విమానం సముద్రంలో కూలి మరణించారు. నేను ఆయన ఆట చూడలేదు. పెద్దాయన ఈ సంగతంతా చెప్పి, స్కోరు కాగితం పైన రాసేవారి పేరు ఉండేచోట నా పేరు పూర్తిగా రాయమన్నారు. రాశాక, దాన్ని ఎలా పలకాలో నన్నే అడిగి నేర్చుకున్నారు. బాబు చేత కూడా పేరు పూర్తిగా రాయించు తల్లీ.

ఇక 1979. ఏడాది చివర విజేతను తేల్చే వరల్డ్ సిరీస్‌లో ముందు నాలుగు ఆటలు గెలిచినవాళ్ళదే గెలుపు. బాల్టిమోర్ మూడు ఆటలు గెలిచింది, మనవాళ్ళు ఒక్కటే. ఐదో ఆట రోజు ఉదయం మన జట్టు మేనేజరు చక్ టానర్ తల్లి కన్నుమూసింది. ఆయన మైదానానికి వచ్చారు. ఆ ఆటా, తరువాతి ఆటా గెలిచారు. అక్టోబరు 17, బుధవారం రాత్రి, ఏడో ఆట. మరునాడు బడి ఉన్నా మీ అమ్మమ్మ నన్ను పక్కింటికి వెళ్ళనిచ్చింది. ఆరో ఇన్నింగ్స్ వచ్చేసరికి ఒక పరుగు వెనకబడి ఉన్నాం. బేస్ మీద ఒకడున్నాడు. విల్లీ స్టార్జెల్ వచ్చారు. ముప్పై తొమ్మిదేళ్ళు. జట్టులో అందరూ ఆయన్ని ‘పాప్స్’ అని, అంటే నాన్నా అని పిలిచేవారు. బాగా ఆడినవాళ్ళకు టోపీ మీద కుట్టుకోవడానికి బంగారు రంగు నక్షత్రాలు ఇచ్చేవారాయన. బంతి కుడివైపు గోడ దాటింది. నేను ఆ వజ్రాన్ని ఎంత బలంగా నింపానంటే సగంలోనే పెన్సిల్ ములుకు విరిగిపోయింది. పెద్దాయన తన పెన్సిల్ ఇచ్చారు. ఒకే వజ్రంలో రెండు నలుపులు ఉండిపోయాయి. 4-1తో గెలిచాం. చివరి బంతి మధ్యలో నిలబడ్డ ఒమర్ మొరెనో చేతిలో పడింది. నా పుస్తకంలో ఆ ఏడాది ఆఖరి అంకె 8.

స్టేడియం బయట స్టార్జెల్ విగ్రహం ఉంటుంది. 2001 ఏప్రిల్ 9న, ఆ స్టేడియంలో మొదటి లీగ్ ఆట జరిగిన రోజునే ఆయన కన్నుమూశారు. వచ్చినవాళ్ళు విగ్రహం పాదాల దగ్గర పూలు పెట్టారు. ఒక్క నిమిషం అక్కడ ఆగండి.

ఓడిపోతే బాబు ఏడుస్తాడేమో అని రాశావు. ఏడవనీ. ఏడాదికి 162 ఆటలు, మరునాడు ఇంకొకటి ఉంటుంది. మంచి బ్యాటరే పదిసార్లలో ఏడుసార్లు ఔటవుతాడు. 1993 నుంచి వరుసగా ఇరవై ఏళ్ళు ఈ జట్టు గెలిచిన ఆటల కన్నా ఓడినవే ఎక్కువ. నేను ఆ ఏళ్ళలోనూ రాశాను. ఓడిన ఆటలో ఇన్నింగ్స్ మిగిలి ఉండగానే, కార్ల రద్దీ తప్పించుకోవచ్చని వాణ్ణి లేవదీయవద్దు.

అల్లుడుగారిని పక్కన కూర్చుని బాబునే అడిగి తెలుసుకోమను. వాడు నాన్నకు నేర్పుతున్నానని పొంగిపోతాడు. 2008లో ఇదే పైరేట్స్ ఉత్తరప్రదేశ్ నుంచి రింకు సింగ్, దినేశ్ పటేల్ అనే ఇద్దరు ఈటె విసిరే కుర్రాళ్ళను పిచర్లుగా తీసుకుందని ఆయనకు చెప్పు.

హైదరాబాదు నుంచి మా పక్కింటి అమ్మాయి పది రోజుల్లో మీ ఊరు వస్తోంది. ఆమెతో నా 1979 పుస్తకం పంపుతున్నాను. నకలు కాదు, అదే. చివర్లో పదకొండు కాగితాలు ఖాళీగా ఉన్నాయి, బాబును వాటి మీద రాయమను. పెన్సిళ్ళు రెండు తీసుకెళ్ళండి, షార్ప్‌నర్ నీ సంచిలో పెట్టుకో.

నీ
మామయ్య