ఇంట్లో మిగిలిన మాత్రతో డిప్రెషన్‌కి వైద్యమా?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. డిప్రెషన్‌కి ఎస్సిటాలోప్రామ్ మూడు నెలలు, తర్వాత ఫ్లూఆక్సెటిన్ 40 మి.గ్రా. నాలుగు నెలలు వాడినా గుణం లేదు. ఇక ట్రైసైక్లిక్ మందు మొదలుపెడదామని మా సైకియాట్రిస్ట్ అన్నారు. ఈలోగా మా ఆవిడకు మైగ్రేన్‌కి రాసిన అమిట్రిప్టిలిన్ 25 పది రోజులుగా రాత్రిపూట వేసుకుంటున్నాను, నిద్ర పడుతోంది. అమిట్రిప్టిలిన్, ఇమిప్రమిన్, నార్‌ట్రిప్టిలిన్‌లలో ఏది మంచిది? మూడేళ్ల కిందట గుండెకు స్టెంట్ వేశారు.
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: స్టెంట్ సంగతి చివర్లో అలా రాసి వదిలేశారు, నాకు ముందు కనబడింది మాత్రం అదే. మీరు అడిగిన మూడూ ట్రైసైక్లిక్ అనే పాత తరం డిప్రెషన్ మందులే, ఇవన్నీ గుండె కొట్టుకునే లయను ఎంతోకొంత మార్చగలవు కాబట్టి, మీలాంటివారికి ఈసీజీ చూడకుండా, కార్డియాలజిస్టును అడగకుండా ఏదీ మొదలుపెట్టకూడదు. పైగా ఫ్లూఆక్సెటిన్ వాడుతున్నారు. అది లివర్‌లో ఈ మందులు కరగకుండా అడ్డుపడుతుంది, అంటే మీరు వేసుకున్నది 25 అయినా రక్తంలో అంతకంటే ఎక్కువ మోతాదు వేసుకున్నట్టే ఉండొచ్చు. ఫ్లూఆక్సెటిన్ ఆపినా ఆ ప్రభావం కొన్ని వారాలు పోదు. ఇవాళ రాత్రి ఆ మాత్ర వేసుకోకుండా మీ డాక్టరుకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పండి. ఫ్లూఆక్సెటిన్‌ను మాత్రం సొంతంగా ఆపకండి.

నిద్ర పట్టడం డిప్రెషన్ తగ్గడం కాదండీ. మైగ్రేన్‌కి ఎక్కువగా ఇచ్చేది 10, 25 మి.గ్రా. డిప్రెషన్‌కి సాధారణంగా 75 నుంచి 150 వరకు, మెల్లగా పెంచుతూ వెళ్తాం.

ఇక మీరు అడిగింది. అమిట్రిప్టిలిన్‌తో మగత, నోరు ఎండిపోవడం, మలబద్ధకం, బరువు పెరగడం ఎక్కువ. ఇమిప్రమిన్ వీటిలో అన్నిటికంటే పాతది, లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. నార్‌ట్రిప్టిలిన్ అమిట్రిప్టిలిన్ నుంచి శరీరంలో తయారయ్యేదే, ఈ ఇబ్బందులు కాస్త తక్కువ, రక్తంలో మోతాదు కొలిచే వీలు కూడా ఉంది. గుణంలో మాత్రం పెద్ద తేడా లేదు. మిమ్మల్ని చూడకుండా నేను పేరు ఖరారు చేయను. ప్రొస్టేట్ ఇబ్బంది, నీటికాసులు ఉంటే అవీ చెప్పాలి. థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించారా? మద్యం అలవాటుందా? రెండు మందులు పనిచేయలేదనే ముందు మేం ఇవన్నీ అడుగుతాం, మీ ఉత్తరంలో ఒక్కటీ లేదు.

ఇంకోటి, ఈ మాత్రలు మోతాదు మించితే ప్రాణం తీస్తాయి. డిప్రెషన్ ఉన్న ఇంట్లో స్ట్రిప్పులు బీరువాలో పోగుపడి ఉండకూడదు, మీ ఆవిడ మందులు ఆవిడ దగ్గరే తాళంలో పెట్టమనండి. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళైనా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.