క్రెష్ ఉంది సరే, జ్వరమొస్తే ఎవరు?

అమ్మలూ,

రెండో బిడ్డను కందామనుకుంటున్నావని మీ అమ్మ రాత్రి ఫోన్లో చెప్పింది. ఎంత పొంగిపోయానో! ఆంధ్రలో ఆడదానికి సగటున 1.7 మంది పిల్లలేనని సర్వే లెక్క, ముఖ్యమంత్రి కూడా కనండి కనండి అంటున్నారు. వాళ్ళు చెప్పారని కనే రకం కాదులే నువ్వు. కానీ 'ఆఫీసులో క్రెష్ ఉంది, ఇంకేం టెన్షన్' అన్నావట. అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

ఐరన్ మాత్రలు మానకు. 26 వారాల సెలవు రెండో కాన్పుకూ ఉంటుంది, కాగితాలు ముందే పెట్టు. మిగతాది డాక్టరు చెబుతుంది.

క్రెష్ గురించి మాత్రం నన్నడుగు. మీ పెదనాన్న మాస్కోలో ప్రగతి ప్రచురణాలయానికి అనువాదాలు చేసే రోజుల్లో మీ అన్నయ్య అక్కడి 'యాస్లీ'లోనే పెరిగాడు. ఫీజు నామమాత్రం. వేడి సూపు, మధ్యాహ్నం నిద్ర, కసురుకున్నా ప్రాణం పెట్టే ఆయాలు. దాన్ని నేను ఏనాడూ తప్పుపట్టను.

నా బాధ పొద్దున్న ఏడింటికి. చలికాలంలో వాడికి ఉన్ని మేజోళ్ళు, రెండు స్వెట్టర్లు, ఫెల్టు బూట్లు, బొచ్చు కోటు, దానిమీద మెడ వెనక ముడేసే మఫ్లరు. ఇవన్నీ తొడిగి తలుపు తీశాక 'అమ్మా, ఒకటికి' అనేవాడు. తీరా అక్కడికెళితే, ముక్కు కారుతోందని నర్సు వెనక్కి పంపేది. ఇక డాక్టరు చీటీ తెచ్చుకుని ఇంట్లో కూర్చోవాలి. ఎవరు? నేనే. రేడియోలో వార్తలు చదవాల్సిన నేనే. స్త్రీ విముక్తి మీద పేజీలకు పేజీలు అనువదించిన మీ పెదనాన్న ఒక్క గుడ్డ ఉతికిన పాపాన పోలేదు.

ఆయన ఒక్కడే అనుకోకు. వంట, పిల్లల పెంపకం సమాజం బాధ్యత కావాలని రష్యా విప్లవం తొలిరోజుల్లోనే ఆ విప్లవ నాయకురాలు కొల్లొంతాయ్ రాసింది. తీరా చూస్తే, మా పక్కింటావిడ ఇంజనీరు. డ్యూటీ దిగి, వల సంచీతో మాంసం క్యూలో నిలబడి, ఇంటికొచ్చి వండేది. భర్త పేపరు చదివేవాడు. 'ఒక్క బిడ్డ చాలు' అనేది నవ్వుతూ. 1981లో సర్కారు తల్లికి బిడ్డ ఏడాది వయసు దాకా నెలకు 35 రూబుళ్ళతో సెలవు ప్రకటించింది. తల్లికే సుమా! కాన్పులు పెరిగాయి కూడా, 1987కి రష్యాలో స్త్రీకి 2.2 మంది. 1999కి 1.2 కంటే తక్కువ. సోవియట్ దేశం కూలిపోయి, జీతాలు అందకపోవడమే అందుకు పెద్ద కారణం, కాదనను. కానీ మా బిల్డింగులో ఆడవాళ్ళు అంతకుముందే ఒక్కరితో ఆపేశారు. 55కి పెన్షన్ తీసుకున్న అమ్మమ్మ ఉన్న ఇంట్లోనే రెండో ఉయ్యాల కనిపించేది.

మీ అమ్మకు మోకాళ్ళు అరిగాయి. ఆవిడ మీద లెక్క వేసుకోకు, ఇది కోపంగానే చెబుతున్నా. జ్వరమొస్తే ఎవరు సెలవు పెడతారు, రాత్రి ఎవరు లేస్తారు, ఇప్పుడే మాట్లాడుకోండి. మొదటిదానికి నువ్వొక్కదానివే లేచేదానివని నాకు తెలుసు, చెప్పకపోయినా. అప్పుడు నీ కళ్ళకింద నలుపు చూసి ఊరుకున్నాను, అల్లుడు బాధపడతాడని.

అతను మంచివాడే. ఆదివారం నాకోసారి ఫోన్ చెయ్యమను. నువ్వు పక్కన ఉండొద్దు.

మీ పెద్దమ్మ