కరెంటు బస్సు వస్తే మన ఊరి గాలి మారుతుందా?

బస్సుల గ్యారేజీలో ముప్పయ్యొక్క ఏళ్లు స్పానర్లు తిప్పి, ఫోర్‌మన్‌గా రిటైరైనవాణ్ణి. ఇప్పుడు కర్నూలులో ఇంటి పట్టున ఉంటూ ఈ పేజీలో మీ బండి కష్టాలకు జవాబులు రాస్తున్నాను. ఎప్పుడూ క్లచ్ ప్లేట్లు, మైలేజీ అడిగేవాళ్లు ఈసారి గాలి, నీళ్ల గురించి అడిగారు. అందుకే ఈ నెల పేజీ మొత్తం వాటికే.

ప్రశ్న: తాతా, మన కర్నూలుకు కరెంటు బస్సులు వస్తాయంటున్నారు. నిజంగా కాలుష్యం తగ్గుతుందా, లేక పొగ ఇక్కడ మాయమై ఇంకోచోట తేలుతుందా? మా క్లాసులో రెండు జట్లుగా చీలి కొట్లాడుకుంటున్నాం.
– డిగ్రీ విద్యార్థిని, బి.క్యాంపు, కర్నూలు

రెండో జట్టును తేలిగ్గా తీసిపారేయొద్దు తల్లీ. కాగితం, పెన్ను తీసుకో, ఓ లెక్క వేద్దాం.

లీటరు డీజిల్ కాలితే దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీటరు డీజిల్ తూకమే కిలో ఉండదు, ఇదెట్లా అని మొదట్లో నేనూ నమ్మలేదు. మండేటప్పుడు గాలిలోని ఆక్సిజన్ వచ్చి కలుస్తుంది, ఆ బరువులో ఎక్కువ భాగం దానిదే. ఏసీ లేని పల్లెవెలుగు బస్సు లీటరుకు అటూఇటూగా అయిదు కిలోమీటర్లు ఇస్తుంది. అంటే కిలోమీటరుకు 540 గ్రాములు.

ఇక కరెంటు బస్సు. పన్నెండు మీటర్ల ఏసీ బస్సుకు కిలోమీటరుకు ఒక యూనిట్, ఇంకాస్త పైన పడుతుంది. మన దేశంలో కరెంటు ఎక్కువగా బొగ్గుదే కాబట్టి ఒక్కో యూనిట్‌కు సగటున 700 గ్రాముల పైనే కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. చూశావా, ఏసీ కరెంటు బస్సు లెక్కలో మన పాత పల్లెవెలుగు కంటే ఎక్కువే తేలింది! అయితే ఇది సరైన పోలిక కాదు. ఏసీ బస్సును ఏసీ బస్సుతోనే పోల్చాలి. ఊళ్లో ఆగుతూ పోయే డీజిల్ ఏసీ బస్సు లీటరుకు మూడు కిలోమీటర్లు ఇస్తే గొప్ప. అప్పుడు డీజిల్‌ది 900 గ్రాములవుతుంది, కరెంటు బస్సు గెలుస్తుంది. పైగా రాజ్‌విహార్ సెంటర్‌లో నిలబడ్డ మనిషి ముక్కులోకి పోయే మసి, ఘాటు పొగ కరెంటు బస్సుకు ఉండవు. నా దృష్టిలో అదే పెద్ద లాభం.

అసలు కిటుకు ఎప్పుడు ఛార్జింగ్ పెడతారన్న దాంట్లో ఉంది. మన దగ్గర గని, శకునాల ఊళ్ల మధ్య వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉంది, 2017 నుంచి కరెంటు ఇస్తోంది. కడప జిల్లా ముద్దనూరు దగ్గర 1,650 మెగావాట్ల బొగ్గు ప్లాంటు, మన ఆర్టీపీపీ, ఉంది. పగలంతా తిరిగి వచ్చిన బస్సుకు రాత్రి పదింటికి ప్లగ్గు పెడితే దానికి ఎక్కువగా దక్కేది బొగ్గు కరెంటే. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఎండకు జనం పలచబడతారు. అప్పుడు బస్సుల్ని వంతులవారీగా నిలిపి ఛార్జింగ్ పెడితే ఎండ కరెంటు అందుతుంది. కర్నూలు ఎండను ఇన్నేళ్లు తిట్టుకున్నాం గదా, ఈ పనికైనా వాడుకుందాం.

2023 ఆగస్టులో కేంద్రం ఒప్పుకున్న పీఎం ఈ-బస్ సేవ పథకంలో దేశం మొత్తానికి పదివేల బస్సులు. కర్నూలు, కడప, అనంతపురం మూడూ ఆ జాబితాలో ఉన్నాయి. బస్సు కంపెనీది, కిలోమీటరుకు ఇంత అని మనం కట్టాలి. నాకున్న టెన్షన్ ఒక్కటే. 1998లో సుప్రీంకోర్టు ఢిల్లీ బస్సులన్నిటినీ సీఎన్‌జీకి మార్చమంది. బస్సులు మారుతున్నాయి గానీ గ్యాస్ పోసే స్టేషన్లు చాలక, గంటల తరబడి బంకుల దగ్గర బారులు తీరాయి. ముందు డిపోలో ట్రాన్స్‌ఫార్మర్లు, ఛార్జర్లు పడాలి, ఆ తర్వాత బస్సులకు రిబ్బన్ కత్తిరించాలి. మీ ఫ్రెండ్స్‌కు ఇది కూడా చెప్పు.

ప్రశ్న: మా ఇల్లు బస్టాండు దగ్గరే. మేడ మీద బట్టలారేస్తే మసి. కొన్ని బస్సులే నల్లగా ఎందుకు వదులుతాయి?
– గృహిణి, అనంతపురం

పొగ రంగు చూస్తే బండి జబ్బు తెలుస్తుందమ్మా. నీలంగా ఉంటే ఇంజన్ ఆయిల్ మండుతోంది. తెల్లగా వచ్చి ఆగకపోతే డీజిల్ మండకుండానే పోతోంది, లేదా నీళ్లు లోపలికి దిగుతున్నాయి. నల్లగా ఉంటే డీజిల్‌కు తగ్గ గాలి అందడం లేదు. అనంతపురం దుమ్ముకు ఎయిర్ ఫిల్టర్ తొందరగా మూసుకుపోతుంది, అదొక కారణం. రెండోది ఇంజెక్టర్ నాజిల్. పాత బండ్ల నాజిళ్లను బల్ల మీద బిగించి చేతిపంపుతో కొట్టి చూసేవాళ్లం. మంచిదైతే టక్కున శబ్దం చేసి పొగమంచులా చిమ్ముతుంది. చెడిపోయింది చంటిపిల్లాడి ముక్కులా కారుతుంది. అలా కారిన డీజిలే మీ బట్టల మీద మసి. (ఆ చిమ్మే చోట వేలు పెట్టకూడదు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. నా జతగాడొకడు ఆస్పత్రి పాలయ్యాడు.)

బస్సు నంబరు, టైము రాసి డిపోలో ఇవ్వండి. "పొగ వస్తోంది" అని ఊరికే చెప్తే ఎవరూ కదలరు. నంబరు చేతికిస్తే ఆ రాత్రికే బండి రిపేరు గుంత మీదికి ఎక్కుతుంది.

ప్రశ్న: అన్నా, నేను స్కూలు బస్సు నడుపుతా. బీఎస్-6 బండి. యాడ్‌బ్లూ ఖర్చని మా ఓనరు సంచి యూరియా నీళ్లలో కలిపి పోయమంటున్నాడు. పోయొచ్చా?
– డ్రైవరు, ఎమ్మిగనూరు

పోయొద్దు తమ్ముడూ. యాడ్‌బ్లూ కూడా యూరియానే, 32.5 శాతం, మిగతాది శుద్ధి చేసిన నీళ్లు. అక్కడే మీ ఓనరుకు ఆశ పుట్టినట్టుంది. సైలెన్సర్‌లోకి చిమ్మితే అది పొగలోని నైట్రోజన్ విషాన్ని మామూలు నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మారుస్తుంది. చేనుకు వేసే యూరియాలో వేరే పదార్థాలుంటాయి, బోరు నీళ్లలో ఉప్పు సరేసరి. అవి చిమ్మే గొట్టాన్ని, సైలెన్సర్‌లోని క్యాటలిస్టును పూడ్చేస్తాయి. దాన్ని మార్చాలంటే ఓనరు ఏళ్ల తరబడి మిగిల్చుకున్న యాడ్‌బ్లూ డబ్బులు ఒక్క దెబ్బకు పోతాయి. ఈ మాట నా పేరు చెప్పి చదివి వినిపించు. డబ్బాను ఎండలో బానెట్ పక్కన పెట్టకు, ముప్పై డిగ్రీలు దాటిన చోట అది ఎక్కువ రోజులు నిలవదు.

ప్రశ్న: మా వీధి చివర లారీ సర్వీసింగ్ షెడ్డు ఉంది. కడిగిన నీళ్లు కాలవలోకి వదులుతున్నారు. మా బోరు నీళ్లు కిరసనాయిలు వాసన కొడుతున్నాయి. ఎవరికి చెప్పాలి?
– పాఠకుడు, కడప

ఈ ఉత్తరం రెండుసార్లు చదివి పక్కన పెట్టి మళ్లీ తీశాను. ఎందుకంటే ఈ తప్పు నేనూ చేశాను.

మా గ్యారేజీలో వాషింగ్ ర్యాంపు పక్కన మూడు అరల తొట్టి ఉండేది. బస్సు కడిగిన నీళ్లు మొదటి అరలోకి వస్తాయి. నూనె తేలికది కాబట్టి పైన తేలుతుంది, కింది గొట్టంలోంచి నీళ్లు రెండో అరకు, అక్కణ్ణించి మూడోదానికి పోతాయి. పైన తేలిన నూనెను వారానికోసారి తోడి డ్రమ్ములో పోయాలి, అంతే. ఒక ఏడాది జాతర స్పెషల్ బస్సుల హడావుడిలో రెండు నెలలు తోడించలేదు. తోడించాల్సింది నేనే. ఒక రాత్రి పెద్ద వాన పడి తొట్టి పొర్లింది.

నాలుగో రోజు వెనక తోట పెద్దాయన ఇత్తడి చెంబుతో వచ్చాడు. అరవలేదు. చెంబు నా టేబుల్ మీద పెట్టి, "మా బాయి నీళ్లు సార్, తాగి చూడు" అన్నాడు. నీళ్ల మీద నెమలి ఈక రంగులు తిరుగుతున్నాయి. వారం పాటు మోటారు పెట్టి ఆ బావి తోడించాం. వాసన పూర్తిగా పోవడానికి మళ్లీ వానలు రావాల్సి వచ్చింది. ఆ తర్వాత నేను దిగిపోయేదాకా ప్రతి శనివారం తొట్టి దగ్గర నిలబడే తోడించాను.

మీ సంగతికొస్తే, వాడేసిన ఇంజన్ ఆయిల్ 2016 నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. అనుమతి ఉన్న రీసైక్లర్లకే అమ్మాలి, కాలవలో పోయడం నేరం. కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి రాతపూర్వకంగా ఇవ్వండి, నకలు మున్సిపాలిటీకి పంపండి. బోరు నీళ్లు గాజు సీసాలో పట్టి తేదీ రాసి పెట్టుకోండి. దానికి ముందు ఒకసారి ఆ షెడ్డాయన్ను మీ ఇంటికి పిలిచి గ్లాసు నీళ్లివ్వండి. నా మీద పనిచేసింది అదే.

ప్రశ్న: గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలితే డీజిల్ మిగులుతుందని మా మామ అంటాడు. నిజమేనా?
– రాయచోటి

మీ మామను ముందు కిందికి బతికి చేరమని చెప్పండి. గేరులో ఉండి యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే ఇప్పటి ఇంజన్లకు డీజిల్ ఆగిపోతుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజన్ ఆడటానికి డీజిల్ తాగుతూనే ఉంటుంది, పైగా భారమంతా బ్రేకుల మీద పడి అవి కాలతాయి. ఘాట్‌లో నిజంగా మిగిలేది కరెంటు బస్సుకే. 2022 సెప్టెంబరు నుంచి తిరుమల కొండెక్కుతున్న బస్సులు దిగేటప్పుడు మోటారే డైనమో అయి బ్యాటరీలోకి కొంత కరెంటు తిరిగి పంపిస్తుంది.

ప్రశ్న: డోన్ నుంచి కర్నూలుకు రోజూ బస్సులో వచ్చేదాన్ని. ఉచిత ప్రయాణం వచ్చాక నిలబడ్డానికీ చోటు లేక స్కూటీ కొన్నాను. పర్యావరణం పాఠం చెప్పే టీచర్ని, తప్పు చేశానా సార్?
– ఉపాధ్యాయిని, డోన్

తప్పేముందమ్మా, బడికి టైముకు చేరాలి గదా. లెక్క మాత్రం చెప్తాను. మీ స్కూటీ లీటరుకు 45 ఇస్తే కిలోమీటరుకు 50 గ్రాముల కార్బన్ డయాక్సైడ్. బస్సు 540. అంటే తలా ఒక స్కూటీ మీద వెళ్లే పదకొండు మంది బస్సెక్కితే లెక్క సరిపోతుంది, పన్నెండో మనిషి నుంచి లాభమే. డెబ్బై మంది ఎక్కితే మనిషికి ఎనిమిది గ్రాములు కూడా పడదు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పేరుతో ఆడవాళ్లందరూ ఎక్కుతున్నారంటే గాలికి మంచే జరిగింది. బస్సులు ఆ మేరకు పెరగకపోతే మీలాంటివాళ్లు ఒక్కొక్కరే జారిపోతారు.

డిపోవాళ్లు బస్సు వేయాలా వద్దా అన్నది టికెట్ మిషన్ లెక్క చూసి తేలుస్తారు. ఉచితమైనా ఆడవాళ్లకు సున్నా టికెట్ కొడతారు కాబట్టి ఎక్కినవాళ్లు అందులో కనిపిస్తారు. ఎక్కలేక స్టాపులో మిగిలిపోయినవాళ్లు కనిపించరు. మీరు ఒక పది రోజులు, ఏ టైముకు ఏ బస్సు వచ్చింది, ఎంతమంది మిగిలారు అని నోటుబుక్కులో రాసి, నలుగురితో సంతకాలు చేయించి డిపో మేనేజరుకు ఇవ్వండి. నకలు ఒకటి నాకూ పంపండమ్మా.