వాన పడ్డాక ఏమైందో అడుగు

చిరంజీవి స్రవంతికి,

పెదనాన్న ఆశీస్సులు. నగర పాలక సంస్థలు పర్యావరణ విధానాలను ఎందుకు చేపడతాయో పరిశోధించడానికి చెన్నై, బెంగళూరు తిరుగుతావని మీ నాన్న చెప్పాడు. మన ఇంటి పిల్ల ఇంత పని తలకెత్తుకుందని పొంగిపోయాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

అనుమతి పత్రాలు ముందే సంపాదించు. తమిళం, కన్నడం నాలుగు ముక్కలైనా నేర్చుకో.

విధానం వెలువడిన తేదీ రాసుకుని ఊరుకోకు. అంతకు ముందు ఏ ఆపద వచ్చిందో, ఎవరు గట్టిగా నిలదీశారో వెతుకు. 2012లో బెంగళూరు శివారున నగర చెత్త పోసే మావళ్లిపురలో గ్రామస్థులు చెత్త లారీలకు అడ్డుపడ్డాకే బెంగళూరులో తడి చెత్త, పొడి చెత్త వేరుచేయాలన్న నియమం గట్టిపడింది. 2023లో రెండు నగరాలూ వాతావరణ మార్పును ఎదుర్కొనే ప్రణాళికలు ప్రకటించాయి. రెండూ సీ40 అనే అంతర్జాతీయ నగరాల కూటమిలో ఉన్నవే. బెంగళూరు కార్పొరేటర్ల పదవీకాలం 2020లోనే ముగిసింది, ఆ ప్రణాళిక వచ్చేనాటికి మళ్లీ ఎన్నికలు జరగలేదు. మరి అక్కడ ఎవరి మాట పనిచేసింది? అది తేల్చు.

చెన్నై సంగతి నాకు కడుపుమంట. 2003లో కరువు. మీ పెద్దమ్మ బిందెలు వరుసలో పెట్టి, నీళ్ల లారీ కోసం అర్ధరాత్రి దాకా వీధిలో కూర్చునేది. అప్పుడే జయలలిత ప్రభుత్వం ప్రతి భవనానికీ వాననీటి సేకరణ తప్పనిసరి చేసింది. లేకపోతే నీటి కనెక్షన్ తీసేస్తామంది. ఆ ఒక్క మాటకు నగరం కదిలింది. మా వీధిలో ఎన్నడూ గునపం పట్టనివాళ్లు కూడా ఇంకుడు గుంతలు తవ్వించారు. తరువాత మంచి వానలు పడ్డాయి, బావుల్లో నీళ్లు పైకొచ్చాయి. అంతే, అందరూ మరిచిపోయారు. గుంత ఉందా లేదా అని లెక్క రాసుకున్న అధికారులు, ఏటా పూడిక తీస్తున్నారా అని మా వీధికి వచ్చి అడగనే లేదు. గొట్టాల్లో ఆకులు, గుంతల్లో మన్ను. 2019 వేసవిలో పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం జలాశయాలు నాలుగూ ఎండిపోతే జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెచ్చుకున్నాం. ఆపదకు భయపడి తెచ్చిన చట్టాన్ని ఆపద తీరాక ఎవరు కాపాడతారు? నీ పరిశోధనలో ఈ ప్రశ్న లేకపోతే నేను ఒప్పుకోను.

ఇంకొక మాట, కోప్పడుతున్నాననుకోకు. చెరువు భూములు ఆక్రమించినవాళ్ల దగ్గర కెమెరా పట్టుకుని ఒంటరిగా తిరగకు. నీ పట్టుదల నాకు తెలుసు, అందుకే భయం. పళ్లికరణై చిత్తడి నేల చూడటానికి వెళ్లే రోజు ముందుగా ఫోను చెయ్యి. కారు మాట్లాడి నేనే తోడు వస్తాను, కాదనకు తల్లీ.

మీ పెదనాన్న