ఎన్నారై సందేహాలు: మార్చి బేరాలు, ఏప్రిల్ ఎంపికలు

ప్రశ్న: ఫ్రిస్కోకు వచ్చి ఏడు నెలలయింది. ఆఫీసులో అందరూ ఇక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కూర్పు గురించే మాట్లాడుకుంటారు. డ్రాఫ్ట్, ఫ్రీ ఏజెన్సీ అంటే మన ఐపీఎల్ వేలం లాంటివేనా? డబ్బున్న జట్టే గెలుస్తుందా?

జవాబు: 2008లో ఈ దేశానికి వచ్చిన కొత్తలో నేనూ ఇదే ప్రశ్న అడిగి నవ్వులపాలయ్యాను కాబట్టి మిమ్మల్ని తప్పు పట్టను. ఆ ఏడాదే ఐపీఎల్ మొదటి వేలంలో చెన్నై జట్టు ధోనీని 15 లక్షల డాలర్లకు కొన్నది. ఆ లెక్కే తలలో పెట్టుకుని వచ్చిన నేను, అప్పుడున్న ఊరి జట్టు ఒక పేరుమోసిన ఆటగాడిని ఫ్రీ ఏజెన్సీలో, అంటే ఒప్పందం ముగిసిన ఆటగాళ్ల బజారులో, తెచ్చుకోగానే ఇక కప్పు మనదేనని తీర్మానించి, అతని పేరున్న జెర్సీని వందకు పైగా డాలర్లు పోసి కొన్నాను. అద్దె, గ్రాసరీ, ఇంటికి పంపే డబ్బు పోగా ఆ రోజుల్లో నెలకు నా చేతిలో మిగిలేది అంతకు రెండింతలు కూడా కాదు. రెండు సీజన్లు తిరగకముందే అతన్ని వదిలించుకున్నారు. ఆ జెర్సీ ఇప్పటికీ మా గరాజ్‌లో ఉంది. కారు తుడుద్దామంటే నీళ్లు కూడా పీల్చదు.

ఆ వంద డాలర్ల బాధతోనే ఈ లెక్కలన్నీ నేర్చుకున్నాను. 1994 నుంచి, 2010 ఒక్క సీజన్ మినహా, ఇక్కడి ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో జట్టు మొత్తం జీతాలకు పరిమితి అమలులో ఉంది. 2025లో అది 27.92 కోట్ల డాలర్లు, 32 జట్లకూ అదే అంకె, యజమాని ఎంత కోటీశ్వరుడైనా సరే. మార్చిలో ఒప్పందం ముగిసిన ఆటగాళ్లను బజారు ధరకు తెచ్చుకుంటారు. ఏప్రిల్ చివర జరిగే డ్రాఫ్ట్‌లో కాలేజీ కుర్రాళ్లను ఏడు రౌండ్లలో, క్రిందటి ఏడాది అట్టడుగున నిలిచిన జట్టుతో మొదలుపెట్టి వరుసగా ఎంచుకుంటారు. మిగిలిన నిబంధనలు లీగ్ వెబ్‌సైట్‌లో ఉన్నాయి, చదువుకోండి.

అసలు కిటుకు ఆ కుర్రాళ్ల జీతంలో ఉంది. లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ కుదిరిన 2011 ఒప్పందం తరువాత, ఎన్నో స్థానంలో ఎంపికైతే ఎంత అన్నది దాదాపు ముందే ఖరారైపోయింది, అదీ నాలుగేళ్ల పాటు. 2022 డ్రాఫ్ట్‌లో అందరికన్నా ఆఖరున, 262వ ఆటగాడిగా ఎంపికైన బ్రాక్ పర్డీ, మరుసటి ఏడాది పది లక్షల డాలర్లలోపు జీతంతో శాన్‌ఫ్రాన్సిస్కోను లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ దాకా తీసుకువెళ్లాడు. అతని మీద మిగిలిన డబ్బుతోనే ఆ జట్టు మిగతా చోట్ల ఖరీదైన వాళ్లను పోషించగలిగింది. 2025లో అతనికి ఐదేళ్లకు 26.5 కోట్లు రాసిచ్చారు. ఆ మిగులు అంతటితో ఆఖరు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు మనవాళ్లు, ఈ ఆటలో మాత్రం వైద్యం అంతా పెరటి చెట్టుతోనే.

అలాగని బజారుకు వెళ్లవద్దని కాదు. ఫిలడెల్ఫియా 2011లో పేరున్న వాళ్లందరినీ పోగుచేసి, కలల జట్టు అని పిలిపించుకుని, ఎనిమిది గెలిచి ఎనిమిది ఓడింది. అదే జట్టు 2024 మార్చిలో సాక్వాన్ బార్క్‌లీని మూడేళ్లకు దాదాపు 3.8 కోట్లకు, ఎవరూ పెద్దగా పట్టించుకోని జాక్ బాన్‌ను ఒక్క ఏడాదికి 35 లక్షలకు తెచ్చుకుని, ఏప్రిల్ డ్రాఫ్ట్‌లో కార్నర్‌బ్యాక్‌లు (ప్రత్యర్థి పాస్‌లను అడ్డుకునేవాళ్లు) మిచెల్, డీజీన్‌లను తీసుకుంది. బార్క్‌లీ ఆ సీజన్‌లో 2005 గజాలు పరిగెత్తాడు, సూపర్ బౌల్‌లో కాన్సస్ సిటీ ఈ జట్టు చేతిలో 40–22తో ఓడింది. నన్నడిగితే ఆ రెండు మార్చి బేరాల్లో బాన్‌దే గొప్పది.

బోనస్ సంగతి కొంచెం జాగ్రత్తగా వినండి. నాలుగేళ్ల ఒప్పందానికి 2 కోట్ల సైనింగ్ బోనస్ (సంతకం పెట్టగానే ఇచ్చే సొమ్ము) ఇస్తే, పరిమితి లెక్కలో ఏడాదికి 50 లక్షల చొప్పున పడుతుంది. రెండేళ్లకే అతన్ని తీసేస్తే, మిగిలిన కోటి ఆడని మనిషి పేరున జట్టు నెత్తిన పడుతుంది. దీన్నే డెడ్ మనీ అంటారు. 2024లో రసెల్ విల్సన్‌ను వదిలేసిన డెన్వర్ రెండు సీజన్లలో కలిపి ఇలా దాదాపు 8.5 కోట్లు మోసింది. ఇది నాకు బాగా అర్థమవుతుంది. 2012లో ఒక కంపెనీ ఇచ్చిన ఎనిమిది వేల జాయినింగ్ బోనస్‌తో సోఫా, టీవీ కొని, పది నెలలకే ఉద్యోగం మారాను. ఏడాది నిండలేదని మొత్తం తిరిగి కట్టమన్నారు. ఆఫర్ లెటర్‌లో ఆ ముక్క ఉంది, చదవనిది నేనే. ఫుట్‌బాల్ ఆటగాడి బోనస్ అతని దగ్గరే ఉండిపోతుంది, బరువు జట్టుది. నా విషయంలో ఆ బరువును నేనే ఎనిమిది నెలలు మోశాను, అదే సోఫా మీద కూర్చుని.

డల్లాస్ పక్కనే ఫ్రిస్కోలో ఉంటున్నారు కనుక మీ ఊరి జట్టు సంగతి తెలుసుకోవడం మర్యాద. 1989లో డల్లాస్ తన పెద్ద ఆటగాడు హెర్షెల్ వాకర్‌ను మినసోటాకు ఇచ్చేసి, బదులుగా బోలెడు డ్రాఫ్ట్ అవకాశాలు తెచ్చుకుంది. వాటిలో ఒకదాన్ని వాడి మరుసటి ఏడాది ఎమిట్ స్మిత్ అనే కుర్రాడిని తీసుకున్నారు. 1992, 93, 95 సీజన్ల కప్పులు వచ్చాయి. ఆ తరువాత మళ్లీ రాలేదు. భోజనాల వేళ ఈ చివరి వాక్యం మాత్రం మీ నోట రానివ్వకండి, వాళ్లనే అననివ్వండి.

జెర్సీ కొనాలని చెయ్యి దురద పెడితే, డ్రాఫ్ట్‌లో వచ్చి రెండో ఏడాదిలో ఉన్నవాడిది కొనండి. కనీసం ఇంకో రెండేళ్లు తొడుక్కోవచ్చు. అదీ ఆగస్టులో కాదు, సీజన్ అయ్యాక ధర తగ్గించినప్పుడు.