దారి మళ్లిన విమానం: నిర్ణయం ఎవరిది?

ప్రశ్న: దుబాయి నుంచి మా తమ్ముడు వస్తున్న విమానం గాలివాన వల్ల శంషాబాదులో దిగలేక, కాసేపు చక్కర్లు కొట్టి బెంగళూరుకు వెళ్లిపోయింది. అలా వెళ్లమని పైలట్‌కు ఎవరు చెబుతారు?
– ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: నిర్ణయం కెప్టెన్‌దే, నేల మీది నుంచి విమానాల రాకపోకలను నడిపించే కంట్రోలర్లు దానికి దారి చూపుతారు. అనుకున్న చోట దిగడం వీలుకాకపోతే ఎక్కడికి వెళ్లాలో సాధారణంగా బయలుదేరక ముందే ఫ్లైట్ ప్లాన్‌లో రాసి ఇస్తారు. అక్కడిదాకా సరిపోయే ఇంధనంతో పాటు, జెట్ విమానమైతే మరో 30 నిమిషాలు గాలిలో ఉండగలిగేంత చివరి నిల్వ కూడా ఉండాలి కనుక, చక్కర్లు ఎంతసేపు కొట్టవచ్చన్నది ఈ లెక్కను బట్టే తేలుతుంది.

ఆ గడువు దగ్గరపడగానే పైలట్ రేడియోలో తన కాల్ సైన్ (విమానాన్ని గుర్తుపట్టే పిలుపు పేరు) చెప్పి, వాతావరణం కారణంగా బెంగళూరుకు మళ్లడానికి అనుమతి కోరతారు. కంట్రోలర్ చెప్పిన కొత్త దారినీ, ఎత్తునూ పైలట్ తిరిగి అప్పజెప్పాలి. ఒక్క అంకె తప్పినా అక్కడే పట్టుబడుతుంది. ‘మినిమమ్ ఫ్యూయల్’ అన్నంత మాత్రాన ముందు వరుస దక్కుతుందని చాలామంది అనుకుంటారు గానీ, అది కేవలం హెచ్చరిక. చివరి నిల్వ కూడా కరిగేలా ఉందని తేలినప్పుడు ‘మేడే ఫ్యూయల్’ అని అత్యవసర పరిస్థితి ప్రకటిస్తేనే మిగతా విమానాలను తప్పించి దారి ఇస్తారు.

బెంగళూరులో దిగాక తరచుగా ప్రయాణికులను లోపలే కూర్చోబెట్టి, ఇంధనం నింపుకొని, ఇక్కడ వాన తెరిపి ఇచ్చాక తిరిగి వస్తారు. ఆలోగా సిబ్బంది పనివేళల పరిమితి దాటిపోతేనే అసలు చిక్కు.